ఎర్త్ ఏసురత్నం

లోకంలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఏసురత్నం నోట ఒకటే మాట: "ఎర్త్ పోయింది."

గద్వాలలో ఐజ రోడ్డు మీద బండ్ల వైరింగు షెడ్డు ఆయనది. హారన్ మోగకపోతే ఎర్త్ పోయింది. లైటు వెలగకపోతే ఎర్త్ పోయింది. అంతవరకు బాగానే ఉంది, ఆయన విద్యే అది. కానీ పక్కింటి జమ్ములమ్మ బర్రె పాలివ్వకపోయినా, చర్చిలో పాట గాడి తప్పినా అదే తీర్పు. భార్య రెబెకా పప్పులో ఉప్పు మరిచిననాడు కూడా "ఏం లేదే, ఎర్త్ పోయింది" అంటూ గిన్నె ఖాళీ చేశాడు.

మన దగ్గర ఎర్త్ పెట్టడమంటే ఎదుటివాడి నోటికాడి కూడు పడగొట్టడం. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఒకసారి కొత్తగా ట్రాక్టరు కొన్న రైతు భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు, పొద్దుగూకేలోపల నీకు ఎర్త్ పెడ్త" అన్నాడు. ఆ మనిషి "నీకు నేనేం జేసిన్నన్నా!" అంటూ ట్రాక్టరు వదిలేసి పరుగో పరుగు.

వ్యాను నడిపే భీమన్నకైతే ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. పాపం, రెండువేల ఆరు ఎండాకాలంలో ఆయనకే ఏసురత్నంతో పని పడింది. వ్యాను ఇంజన్ పట్టేసింది. కర్నూలులో గుద్దుకుపోయిన ఒక బండి ఇంజన్ కొనుక్కొస్తే, మెకానిక్ వెంకటన్న దాన్ని కూర్చోబెట్టాడు. పాత ఇంజన్ ఎద్దులాంటిది, అదిలిస్తే నడిచేది. ఈ కొత్తది కంప్యూటరు చెప్తే తప్ప కదలని రకం. సోమవారం బడి తెరుస్తారు. ఇటిక్యాల పిల్లలను తీసుకొచ్చే పని భీమన్నకు ఖాయమైంది. ఆ పొద్దున వ్యాను బడి గేటు ముందు లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, భీమన్న ఇల్లు ఏడాదంతా పస్తుంటుంది.

శనివారం భీమన్న, వెంకటన్న కలిసి వ్యానును షెడ్డుకు నెట్టుకొచ్చారు. తాళం తిప్పితే ఇంజన్ కటక్ మని ఊరుకుంది. హారన్ నొక్కితే వైపర్ లేచి సలాం కొట్టింది.

"చూసినవా! హారన్ కొడ్తే వైపర్ లేస్తుంది!" ఏసురత్నం సంబరంగా గంతేశాడు. "ఎర్త్ పోయింది!"

"నీ నోట్ల ఇంకో మాట రాదా అన్నా?"

ఆయన అప్పటికే బండి కింద దూరాడు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య లావుపాటి రాగి పట్టీ బిగించి, "ఇప్పుడు కొట్టు!" అని అరిచాడు. ఇంజన్ గిర్రున తిరిగింది. ముగ్గురూ కేక పెట్టారు. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. అంటుకుంటే ఒట్టు.

సీటు కింద చూస్తే ఒక వైర్ల కట్ట దేనికీ తగలకుండా వేలాడుతోంది. దాని కొసన ఉండాల్సిన కంప్యూటరు డబ్బా లేదు.

"వెంకటన్నా! డబ్బా అమ్ముకున్నవ్ గదా?" భీమన్న కాలరు పట్టుకున్నాడు.

"మా అవ్వ మీద ఒట్టు, నేను ఆ డబ్బానే చూడలే!"

"అదే ఠాణాల చెప్తువు పా!"

ఏసురత్నం ఇద్దరి మధ్యలో దూరాడు. "జర ఆగుండ్రి. భీమన్నా, కర్నూలు నుంచి తెచ్చి ఇంజన్ మొదలు యాడ దించినవ్?"

"మా వాకిట్ల. అయితే ఏంది?"

"ఏం లేదు. చాయ్ తాగొస్త. నేనొచ్చేదాక కొట్టుకోకుండ్రి."

చాయ్‌కి పోయినవాడు తువ్వాలలో డబ్బా చుట్టుకొని వచ్చాడు!

"యాడ దొరికిందన్నా?"

"ఎవ్వల తప్పు లేదు. ఎర్త్ పోయింది."

"డబ్బాకు ఎర్త్ పోవుడేందన్నా?"

"పోతది తమ్మీ. నీకు తెల్వదు."

డబ్బా తగిలించాడు. ఇంజన్‌కు పెట్రోలు తోడే పంపుకు పోవాల్సిన వైరు వెతికి కలిపాడు. భీమన్న దేవుళ్లందరికీ దండం పెట్టి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ బుర్రుమంది! భీమన్న ఏసురత్నాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. వెంకటన్న మాత్రం ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. పోతే పోనీ, దొంగ ముఖం, అనుకున్నాడు భీమన్న.

సోమవారం వ్యాను నిండా పిల్లలు, చెవులు చిల్లులు పడేలా అరుపులు. భీమన్న గాల్లో తేలుతూ ఇంటికొస్తే భార్య సత్తెమ్మ చీపురు పట్టుకుని పిల్లి వెంట పడుతోంది.

"మళ్ల పాలు తాగింది, పాడుముండ!"

"గిన్నె మీద బరువు పెట్టరాదే?"

"ఉన్న బరువును ఏసురత్నమన్న తీస్కపాయె! ఇంజన్ తోని సంచిల వచ్చిన డబ్బా. సంచన్న విప్పకుండ 'రేకు ముక్క, ఏమన్న చేస్కో' అని నువ్వే ఇస్తివి గద. నీకు చెప్పొద్దన్నడు గానీ, పాలు పోతాంటె ఎట్ల ఊకుంట?"

భీమన్న కంప్యూటరును పాలకు కాపలా పెట్టి, పరాయివాడిని దొంగను చేశాడు! సిగ్గుతో చితికిపోయి షెడ్డుకు పరుగెత్తాడు. వెంకటన్న అక్కడే ఉన్నాడు.

"తప్పు నాదే వెంకటన్నా. డబ్బా మా ఇంట్లనే ఉండె."

వెంకటన్న తల గోక్కున్నాడు. "నేనే నీ తానకు రావాల్నని చూస్తున్న. ఎర్త్ పట్టీ బిగించుడు మర్చిపోయింది నేనే. 'వీడు మర్చిపోయిండు' అని ఏసురత్నమన్న అన్లే. 'ఎర్త్ పోయింది' అన్నడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా గద్వాలలో ఎవరి తప్పూ లేకుండా ఎర్తే ఎందుకు పోతోందో భీమన్నకు అప్పుడు తెలిసొచ్చింది. భూదేవికి ఓర్పెక్కువని, ఈ మహానుభావుడు ఊరి తప్పులన్నీ ఆమె నెత్తికే ఎత్తుతున్నాడు. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

అంతలో, ఆ రోజు సెలవు పెట్టిన బడిపంతులు భానుప్రకాశ్ కారు నెట్టుకుంటూ వచ్చాడు. వెనక పట్టుచీరలో భార్య యమున, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"వనపర్తిల పెండ్లి. ముహూర్తం దాటుతుంది," అంది. "అన్ని చూసుకున్న అన్నడు ఈ సారు! ఏమైందో జర చూడన్నా."

ఏసురత్నం తాళం తిప్పాడు. పెట్రోలు ముల్లు అడుగున పడి లేవలేదు. భీమన్న చూశాడు. వెంకటన్న చూశాడు. సారు కూడా చూసి, మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"ఎర్త్ పోయిందమ్మా," అన్నాడు ఏసురత్నం.

"ఎర్తేనమ్మా," అన్నాడు వెంకటన్న గంభీరంగా.

"గట్ల ఇట్ల పోలేదమ్మా. జర నీడకు కూసోండ్రి, ఇప్పుడే తెస్త," అని భీమన్న ఖాళీ క్యాను వీపు వెనక దాచుకుని పెట్రోలు బంకు వైపు ఉరికాడు.