సున్నాను నమ్మని స్వరూప గారు

మొన్న రాయదుర్గంలో మెట్రో ఎక్కి కూర్చోగానే పక్క సీటు నుంచి వాము వాసన వచ్చింది. ఎవరో ఒకావిడ చిన్న డబ్బా తెరిచి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. నాకు తెలియకుండానే నిటారుగా కూర్చున్నాను. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని, ఇప్పుడు దానికి నేను జవాబు చెప్పుకోవాలని అనిపించింది. స్వరూప గారు వాము నమిలేది అనుమానం వచ్చినప్పుడే. ఆమెకు అనుమానం రాని రోజును నేను చూడలేదు.

ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేశాక, ప్రగతి నగర్ ఇంట్లో ఊరికే కూర్చోలేక మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రుల తరఫున రోగులకు ఈమెయిళ్లు పంపడం ఆ కంపెనీ వ్యాపారం. వాటి భాష సరిచూడటం, రికార్డులు క్రమంలో ఉంచడం నా బాధ్యత. మా విభాగాధిపతి స్వరూప గారు సిద్దిపేట వైపు మనిషి, వయసులో నా కూతురికంటే చిన్న. మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "డొమైన్ అంటే ఇంటిపేరు అనుకోండ్రి పెద్దసారూ. సబ్‌డొమైన్లు ఆ ఇంట్ల మనుషులు. మెయిల్ పెట్టెలు నడిపే పెద్ద కంపెనీలు ఒక్కొక్కల నడత రాసుకుంటయి. నడత చెడితే మన ఉత్తరం తీసుకపోయి స్పామ్‌ల పడేస్తయి. చెప్పి పడెయ్యవు. గదే పరేషాన్."

రోజూ ఉదయం ఆమె ఒక్కొక్క పేరుకు మెయిల్ కంపెనీలు ఇచ్చిన గ్రేడు చూసేవారు. ఎంతమంది మన ఉత్తరాన్ని స్పామ్ అని ఫిర్యాదు చేశారో చూసేవారు. అంతటితో ఆగక, పరీక్ష కోసమే తెరిచి ఉంచిన పది మెయిల్ పెట్టెల్లోకి స్వయంగా వెళ్లి, మా ఉత్తరం ఎక్కడ పడిందో వెతికేవారు. "తెర మీద అంతా బాగుందని ఉంది కదండీ, మళ్లీ ఎందుకు?" అన్నానొకసారి. "తెర మనకు సుట్టమా సారూ?" అన్నారు. నాకది జబ్బుగా తోచింది. నేను ముప్పై ఏళ్లు వరండాల్లో తిరిగి చప్పుడును బట్టి తరగతులను అంచనా కట్టినవాణ్ని. చప్పుడు లేని గది ముందు ఎన్నడూ ఆగలేదు.

చెల్లెలి పెళ్లికని ఆమె పది రోజులు సెలవు పెట్టినప్పుడు విభాగం నా చేతికి వచ్చింది. ఒక ఆసుపత్రికి రెండు సబ్‌డొమైన్లు ఉండటం నా కంటికి క్రమరాహిత్యంగా కనిపించింది. ఒకటి పరీక్షల రిపోర్టులు పంపడానికి, మరొకటి హెల్త్ చెకప్ ఆఫర్లకు. అన్నీ ఒకే పేరుతో వెళ్లాలని రిజిస్టరులో ఉత్తర్వు రాసి సంతకం చేశాను. "మేడమ్ వచ్చినంక చేద్దాం సార్," అన్నాడు ఇంజనీరు అజయ్. "ఒక ఇంటికి రెండు గుమ్మాలెందుకయ్యా?" అన్నాను. మూడు రోజులు ఫిర్యాదులు పెరిగాయి. కొత్త తరగతిలో అల్లరి లాంటిదే అనుకున్నాను. తర్వాత తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చాయి. గ్రేడు దిగిన మాట నిజమే గానీ, ఫిర్యాదులే లేనప్పుడు అదే ఎక్కుతుందిలే అని, ఆ పది పెట్టెలు తెరవడం కూడా మాన్పించాను.

స్వరూప గారు తిరిగి వచ్చిన ఉదయం ఆ అంకె చూడగానే వాము డబ్బా తెరిచారు.

"సున్నానా?"

"అవునండీ. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు," అన్నాను.

"మనిషన్నోడు ఫిర్యాదు చెయ్యకుంట ఉంటడా సారూ? కండ్లకు కనబడితెనే గద తిట్టేది!"

పది పెట్టెలూ తెరిచారు. పదింటిలోనూ మా ఉత్తరాలు స్పామ్‌లో ఉన్నాయి. ఆఫర్లతో విసిగిన జనం వేసిన మచ్చ రిపోర్టులకూ అంటుకుంది. ఉత్తరం ఎవరికీ కనిపించలేదు కనుకనే ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

"ఎవలు కలిపిన్రు రెండిటిని?" అని గది మొత్తాన్ని అడిగారు. అజయ్ కీబోర్డు వైపు చూశాడు గాని నా పేరు చెప్పలేదు. నేను కాగితాలు సర్దుకున్నాను. భోజనాల వేళ దాకా సర్దుతూనే ఉన్నాను. అప్పుడామె నా బల్ల దగ్గరికి వచ్చారు. "తప్పుల్లేని రోజు గూడ నాలుగు తప్పులు పడతరు మీరు. ఇయ్యాల ఆ పెట్టెలు తెరిసిన కాడి నుంచి ఒక్క మాట లేదు. నాకు గదే అనుమానం."

రిజిస్టరు తెరిచి నా సంతకం చూపించాను. రాజీనామా ఇస్తానన్నాను. "ఇస్తే వీళ్లకు ఫోన్లు ఎవలు చేస్తరు?" అంటూ, రిపోర్టు తెరవని రోగుల పేర్లు నా ముందు పెట్టారు. పక్కన వాము డబ్బా కూడా పెట్టారు.

సాయంత్రానికి నిజాంపేటలోని ఒక దర్జీ ఆవిడ దొరికింది. మెడ మీది గడ్డకు పరీక్ష చేయించుకుందట. ఫోనులో కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. "ఏం రాలేదండీ. రాలేదంటే ఏం లేదనే కదండీ, మంచిదేలే అనుకున్నా," అంది. స్పామ్ ఎక్కడుంటుందో చెప్పాను. మిషన్ ఆగింది. "ఉందండీ... వెంటనే డాక్టర్ని కలవమని ఉంది. ఎప్పుడొచ్చిందండీ ఇది?"

"ఐదు రోజులైందమ్మా. తప్పు నాది."

ఆమె నన్ను తిట్టలేదు. "ముందు ఆటో చూసుకుంటానండీ," అని పెట్టేసింది.

ఆ సాయంత్రమే డాక్టరు చూసేలా స్వరూప గారు ఆసుపత్రితో మాట్లాడారు. ఆ వారమే చికిత్స మొదలైంది. రెండు పేర్లూ మళ్లీ విడదీసి, రోజుకు కొన్ని ఉత్తరాలే పంపుతూ పోగా, దిగిన గ్రేడు తిరిగి ఎక్కడానికి రెండు నెలలు దాటింది. దర్జీ ఆవిడ నుంచి మాత్రం కబురు లేదు. "కబురు లేదంటే బాగున్నట్టు అనుకోకండ్రి," అన్నారు స్వరూప గారు. నెలనెలా నేనే ఫోన్ చేసేవాణ్ని. ప్రతిసారీ "పర్లేదండీ" అనేది. ఆ మాటను నేను నమ్మేవాణ్ని కాదు. ఏడాది గడిచాక ఒకరోజు మిషన్ చప్పుడు మధ్య గొంతు లేచింది: "అబ్బ, మళ్లీ మీరేనా! మాటిమాటికీ ఫోనేంటండీ, పండగ ముందు పని ఆగిపోతోంది!" ఆ సంగతి చెబితే స్వరూప గారు డబ్బా మూత పెట్టేశారు. అనుమానం తీరి ఆమె అలా మూత పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే కంపెనీలో ఉన్నారు. నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. పోయిన నెల ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క అక్షరమూ పడలేదు. సభ్యులు నన్ను అభినందించారు. మర్నాడు ఉదయం ఆ పుస్తకం చంకన పెట్టుకుని మొదటి అంతస్తు నుంచి తలుపులు తట్టడం మొదలుపెట్టాను. తలుపు తీసినవాళ్లు ముందు "ఏం లేదండీ" అంటారు. నేను గుమ్మం దగ్గరి నుంచి కదలను.