ఏ ముంత ఎవరిదో నాకే తెలుసు

నేను రాయని వార్త ఒకటి ఉంది. దాన్ని ఇన్నేళ్లూ మోశాను. మోశాను అంటే రోజూ తలచుకుని కుమిలిపోయానని కాదు. అంత నిజాయితీ కూడా నాకు లేదు. నెలల తరబడి మరిచిపోయేవాణ్ణి. తర్వాత ఏ వీధిలోనో గోడకు సున్నం మెత్తుతున్న తాపీ చప్పుడు వినపడేది. ఆ వీధి వదిలి వేరే దారిన పోయేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను నరసరావుపేటలో ఉంటూ ఒక దినపత్రికకు పలనాటి వార్తలు పంపేవాణ్ణి. దానితో బతుకు గడవదు. నాన్న పోయాక నాకూ, మా అమ్మకూ మా మేనమామ ఇంట్లోనే తిండి. మామయ్య తాపీ పనులు గుత్తకు పట్టేవాడు. మంచివాడు. పని మాత్రం తొందర తొందరగా చేయించేవాడు. ఒక బడి ప్రహరీ ఆయన కట్టిన ఏడాదికే ఒరిగిపోతే ఆ సంగతి నేనే పత్రికకు రాశాను. ఆయన పేరు కూడా రాశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నిజం రాసినవాడికి ఎవరూ ఏమీ చెయ్యలేరనుకునే వయసు. ఆ తర్వాత మామయ్యకు ఏడాది పాటు పని లేదు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అత్తయ్య కూడా అనలేదు. కంచంలో అన్నం పెట్టి వెళ్లిపోయేది, అంతే. మా అమ్మ మాత్రం వంటింటి మూల కూర్చుని, అందరూ తిన్నాక మిగిలింది తినడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే ఆకలిగా లేదు అనేది.

ఇది సాకుగా చెబుతున్నానా? కావచ్చు. కానీ ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

గురజాల దారిలో ఒక వాగు మీద వంతెన కట్టే సర్కారు పని మా ఊరి కంట్రాక్టరు గారికి దక్కింది. సిమెంటు బయట దొరకడం లేదు. సున్నంతోనే కట్టాలి. తాపీ పని మొత్తం ఒకరికి సబ్ కంట్రాక్టు ఇవ్వాలి. కంట్రాక్టరు గారు అంతకుముందు ఎవరో పెద్దమనిషి సిఫారసు చేశాడని ఒకడికి పని ఇచ్చి, కట్టిందంతా పడగొట్టించుకున్న మనిషి. ఈసారి సిఫారసులు లేవు, ముఖాలు చూడటం లేదు అన్నారు. పనికి ముందుకొచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు మా మామయ్య. రెండోవాడు జకరయ్య మేస్త్రీ. నకరికల్లు దగ్గర క్రైస్తవుల పేటలో ఉండేవాడు. పని బాగా వచ్చు, ఆ వచ్చిన సంగతి పదిమందికీ చెప్పుకోవడం ఇంకా బాగా వచ్చు. అతని దగ్గర సున్నం గానుగ పట్టేది అతని భార్య తమ్ముడు పౌలు. ఎద్దుల వెనక రోజంతా తిరిగేవాడు, మాట తక్కువ.

మా వైపు సున్నపురాయికి కొదవ లేదు. అయితే వట్టి సున్నం నీళ్లలో గట్టిపడదు. బాగా కాల్చిన ఇటుకల పొడి కలిపి, గానుగలో ఓపికగా నూరితేనే నీళ్లలో రాయిలా నిలుస్తుంది. అందుకని కంట్రాక్టరు గారు ఒక పద్ధతి పెట్టారు. ఇద్దరూ తమ సున్నాన్ని ఒకే రకం కొత్త ముంతల్లో నింపి ఇవ్వాలి. ముంతల్ని తన దొడ్లో తొట్టి నీళ్లలో కొన్ని వారాలు ఉంచుతారు. తీసి పగలగొట్టి, ఎవరిదో తెలియకుండానే చూస్తారు. గట్టిపడ్డదాని మనిషికి పని. ఏ ముంత ఎవరిదో ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరు నేను.

పని చూసే సర్కారు ఓవర్సీరు అడ్డు చెప్పాడు. "మేనల్లుడు కదండీ" అన్నాడు.

కంట్రాక్టరు గారు నవ్వారు. "మామ మీదే పేపర్లో రాసినవాడయ్యా ఇతను. ఇంకెవర్ని నమ్మమంటావు?"

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ పొంగు ఇప్పటికీ గుర్తుంది. ముంతల అడుగున మేకుతో గీశాను. జకరయ్యదానికి ఒక గీత, మామయ్యదానికి రెండు.

ముంత నా చేతికిచ్చేటప్పుడు జకరయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మామయ్య పక్కనుంచి, "ఏందిరా జకరయ్యా, పెళ్లికూతుర్ని అప్పగించినట్టు ఇస్తన్నావు" అన్నాడు.

"పెళ్లికూతురే బాబూ. మీది మాత్రం మళ్లీ పుట్టింటికే వచ్చుద్ది, చూసుకోండి" అన్నాడు జకరయ్య. నాతో, "పేపరు అయ్యగారూ, గట్టి సుత్తి తెచ్చుకోండి. ముంత పగులుద్దిగాని లోపల ముద్ద పగలదు" అన్నాడు. పౌలు వెనక నిలబడి నేలచూపులు చూస్తూ నవ్వుకున్నాడు. అందరం నవ్వాం. మామయ్య కూడా.

పగలగొట్టే రోజు మేస్త్రీలిద్దర్నీ, జకరయ్య వెంట వచ్చిన పౌలునూ వాకిట్లో ఉండమన్నారు. దొడ్లో కంట్రాక్టరు గారు, ఓవర్సీరు, నేను. మొదటి ముంత పగిలింది. లోపలి ముద్దలోకి ఓవర్సీరు బొటనవేలు దిగబడింది. రెండో ముద్ద మీద సుత్తి ఖణేలుమంది. నేను అడుగు పెంకులు తిప్పి చూశాను. గట్టిదానికి ఒకటే గీత.

"గట్టిది ఎవరిదయ్యా?" అన్నారు కంట్రాక్టరు గారు.

ఆ క్షణంలో ఏం జరిగిందో ఎన్నిసార్లు తవ్వుకున్నానో. ముందుగా అనుకున్నది ఏమీ లేదు. మామయ్య నన్ను ఏమీ అడగలేదు, అడిగే మనిషి కూడా కాదు. ఆ ముంత అడుగు చూస్తూంటే నాకు మా అమ్మ వంటింటి మూల కూర్చున్న తీరు కనిపించింది. నోరు తెరిచాను. "మామయ్యది" అన్నాను.

అంతే. ఒక్క మాట. పెంకులు చేతిలోంచి జారవిడిచి, మిగతా పెంకుల్లో కలిసిపోయేలా కాలితో నెట్టాను. నోరు జారింది అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నోరు జారితే కాలు ఎందుకు కదిలింది?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అవతలివాడు మా పేటవాడై, మా పంక్తిలో కూర్చునేవాడై ఉంటే ఆ మాట అంత తేలిగ్గా వచ్చేదా? కంట్రాక్టరు గారంత న్యాయమైన మనిషి, పెంకు ఒకసారి చూపించు అని కూడా అడగకుండా అంత తేలిగ్గా నమ్మేవారా? జవాబు తెలుసు కాబట్టే ఈ ప్రశ్నను ఎప్పుడూ చివరిదాకా వెళ్లనివ్వలేదు.

జకరయ్యను లోపలికి పిలిచారు. మెత్తటి ముద్దను చూపించి నీదే అన్నారు. "నాది కాదు" అని అరిచాడు. "నాది కానే కాదు!" కంట్రాక్టరు గారు నావైపు చూశారు. జకరయ్య కూడా చూశాడు. నేను తలవంచుకున్నాను. దాన్ని అతను జాలి అనుకున్నాడు. నన్ను అనుమానించాలన్న ఊహే అతనికి రాలేదు. అనుమానం ఎటో ఒకవైపు పోవాలి కదా. ముద్దను వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు, నాలుక మీద పెట్టుకున్నాడు. మెల్లగా తల తిప్పి వాకిట్లో ఉన్న పౌలు వైపు చూశాడు.

పని మామయ్యకు వచ్చింది. వంతెన కూలుతుందన్న భయంతో నేను, ఓవర్సీరు చెప్పమన్నాడని ఆయనకు ఇంకో అబద్ధం చెప్పాను. బాగా కాలిన ఇటుకల పొడే వాడాలనీ, గానుగ రెట్టింపు సేపు తిప్పాలనీ. గట్టిగా వచ్చిన ముద్ద తనదేననుకున్నాడు కాబట్టి ఆయన కూడా ఆ పేరు నిలబెట్టుకోవాలని ఎన్నడూ లేనంత శ్రద్ధ పెట్టాడు. వంతెన బాగా వచ్చింది. ఎన్నో వరదలు చూసింది. చెక్కు చెదరలేదు. అది కూలిపోయి ఉంటే ఎవరో ఒకరు విచారణ చేసేవారు, నేను బయటపడేవాణ్ణి అని చాలాసార్లు అనిపించింది. అటు బస్సులో వెళ్లినప్పుడల్లా కళ్లు మూసుకునేవాణ్ణి.

మా అమ్మ మళ్లీ అందరితో కలిసి తినడం మొదలుపెట్టింది. అది చూసి నేను సంతోషించాను. అది కూడా చెప్పాలి.

వంతెన పని ఇంకా సాగుతుండగానే ఒకరోజు జకరయ్య నకరికల్లు బస్సు ఆగేచోట నన్ను పట్టుకున్నాడు. గడ్డం పెరిగింది. వెనకటి డాబు లేదు.

"అయ్యగారూ, ఒక్క మాట అడుగుతా. కోప్పడబాకండి" అన్నాడు. "పౌలుగాడు ఇటుక పొడి అమ్ముకున్నాడని ఇంట్లోంచి వెళ్లగొట్టినా. బూడిద కలిపుంటాడు, ఇంకేం కలుపుతాడు? వాడు పెళ్లాం పిల్లల్తో కృష్ణ దాటి నైజాములోకి పోయాడు. పోయేముందు బైబులు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మా ఆడది నాతో మాట్టాడటం మానేసింది. నా తమ్ముడు దొంగ కాదు అని ఒకటే మాట. నాకు చానా గుబులుగా ఉందయ్యా. మీరు చదువుకున్నోరు, అబద్ధం రాసేవోరు కాదు. మెత్తబడింది నా ముంతేనా?"

బస్సు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ రోజు దొడ్లో ఆలోచించే తీరిక లేకపోయిందని చెప్పుకున్నాను కదా. ఇక్కడ తీరిక ఉంది. అతను నా మొహంలోకి చూస్తూ, నేను అవునంటానో కాదంటానో అని నిలబడ్డాడు. కాదని చెబితే మామయ్య పని పోతుంది. నా ఉద్యోగం పోతుంది. కంట్రాక్టరు గారి ముందు నా మొహం ఏమవుతుంది? ఇవన్నీ వరసగా తోచాయి. అంత స్పష్టంగా నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

"నీదే జకరయ్యా" అన్నాను.

అతను తల ఊపాడు. "పోన్లెండి. అయితే వాణ్ణి తరిమి మంచిపనే చేసినా" అన్నాడు. చెబుతూనే ఏడ్చాడు.

మొదటిది తప్పు. రెండోది ఏమిటో దానికి నా దగ్గర మాట లేదు.

తర్వాత నైజాములో గొడవలు పెరిగాయి. ఏరు దాటి మా వైపుకు జనం మూటలతో వచ్చేవారు. వాళ్ల గురించి పత్రికకు రాయాలని మాచెర్ల వెళ్లేవాణ్ణి. ఎవరు కనిపించినా, పౌలు అనే గానుగ మనిషి తెలుసా అని అడిగేవాణ్ణి. ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణి? ధైర్యం వచ్చేదా? వచ్చేదని రాయాలని ఉంది. కానీ రాయలేను.

జకరయ్య పెద్ద పనులకు మళ్లీ ముందుకు రాలేదు. తన సున్నాన్ని తనే నమ్మలేక, ఇతరుల కింద కూలికి పోయేవాడు. ఒక క్రిస్మస్ ముందు జ్వరంతో పోయాడు. మామయ్యా పోయాడు, ఆ వంతెన తన సున్నం గొప్పతనమని మనవలకు చెబుతూనే. కంట్రాక్టరు గారూ లేరు. చెప్పాల్సినవాళ్లందరూ వెళ్లిపోయేదాకా ఆగి చెబుతున్నానని మీరంటే నేను కాదనను. జకరయ్య భార్య మాత్రం చాలాకాలం బతికి ఉంది. రెండుసార్లు ఆ పేట దాకా వెళ్లాను. చర్చి అరుగు మీద కూర్చుని ఉంది. అవ్వా బాగున్నావా అని అడిగి వెనక్కి వచ్చాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఒక మాట మాత్రం కాగితం మీద ఉండాలి, జకరయ్య భార్య చివరిదాకా అంటూ వచ్చిన మాట.

పౌలు ఇటుక పొడి అమ్ముకోలేదు. బూడిద కలపలేదు. ఆ సున్నం రాయిలా ఉంది. నేను చూశాను.