రసాల గడ్డి కింద అల్బేనియా

1986 మార్చి: మావయ్య రాతప్రతిని ఊరి పఠన మందిరం బీరువాలో పెట్టాం. రసీదు అడిగాను, ఇవ్వలేదు.
1986 మే: ఆ గదిని మామిడికాయలు మాగబెట్టడానికి ఇచ్చారు. మాకు చెప్పలేదు.
1986 జూన్: రాతప్రతి లేదు.
1986 జూలై, 1987 జనవరి, 1988 ఆగస్టు: కమిటీకి మూడు ఉత్తరాలు. జవాబు లేదు.

ఇవి నా పాత నోటుబుక్కులోవి. మొన్న నూజివీడు బస్టాండు దగ్గర రసాలు కొంటే, బండి ఆవిడ ఎవరో పిల్లల చేతిరాత కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి పళ్ళు పక్కనపెట్టి, ఆ నోటుబుక్కు తీశాను.

మావయ్య హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. చాట్రాయి వైపున్న మా ఊళ్ళో అల్బేనియా పేరెత్తిన మనిషి ఆయనొక్కరే. సాయంత్రాలు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, గరగరల మధ్య ఆ దేశపు రాజధాని తిరానా నుంచి వచ్చే ఇంగ్లీషు ప్రసారం వినేవారు. "వాళ్ళకైనా తెలుసా, ఇక్కడొకాయన తమ కోసం రోజూ కాఫీ చల్లార్చుకుంటున్నాడని" అనేది అత్తయ్య. ఆయన మనసును పట్టుకున్నది అక్కడి నాటి ప్రభుత్వం కాదు, అంతకు ముందటి కథ. తుర్కుల ఏలుబడిలో సొంత భాషలో బడి నడపడమే నేరమైతే, ఆ జనం తమ పుస్తకాలను దొంగసరుకులా కొండలు దాటించారు. 1908లో ఒకచోట కూడి తమ భాషకు లిపి కుదుర్చుకున్నారు. నాలుగేళ్ళకు, పొరుగు సైన్యాలు కమ్ముకొస్తుండగా, వ్లోరా అనే సముద్రతీరపు ఊళ్ళో జెండా ఎగరేసి స్వతంత్రులమన్నారు. మరుసటి ఏడు పెద్ద రాజ్యాలవాళ్ళు లండన్‌లో కూర్చుని సరిహద్దు గీస్తే, ఆ జాతిలో దాదాపు సగంమంది గీతకు అవతల పడ్డారు. ఈ కథంతా మావయ్య తొమ్మిదేళ్ళు పట్టి తెలుగులో రాశారు. నకలు లేదు.

ఇంట్లో చెదలు పట్టాయి, పఠన మందిరంలో ఇనుప బీరువా ఉంది, అక్కడ పెడదామని పట్టుబట్టింది నేనే. అదీ నోటుబుక్కులో రాసుకున్నాను. దుమ్ము పడకుండా మావయ్య ఆ కట్టను పాత దినపత్రికల్లో చుట్టి పురికొస కట్టారు. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. వేసవిలో చదివేవాళ్ళుండరని ఆ గదిలో రసాలు మాగబెడతారు; వరిగడ్డి వరసల మధ్య పరచడానికి పఠన మందిరం పాత పేపర్లు ఇచ్చేస్తారు. బీరువా తెరిచినవాళ్ళకు పైనున్న పేపరే కనిపించింది. కట్ట విప్పినవాళ్ళు చదువురాని కూలీలు. దగ్గరుండి చూడవలసిన కమిటీవారు గడప తొక్కలేదు.

మేం వెళ్ళేసరికి ఆ కాగితాలు బుట్టల అడుగున మైలవరం దాటిపోయాయి. కమిటీ ప్రెసిడెంటు తోటలు కౌలుకు తీసుకునే పెద్దమనిషి. "కాగితాలే కదండీ మాస్టారూ. తలలో ఉన్నదేగా, మళ్ళీ రాసుకోండి" అని, ఓ బుట్టెడు పళ్ళు పంపారు. అవి వసారాలోనే కుళ్ళిపోయాయి.

గడ్డి సర్దే ఆవిడ ఒక్కతే మా గుమ్మంలోకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. "నాకు చదువు రాదండి. అచ్చులాగా లేదు, ఎవరో కూర్చుని రాసినట్టుందని ఇదొక్కటీ దాచానండి. అప్పటికే మిగతావి పరిచేశామండి."

సొన కారి సగం నల్లబడిన ఆ పుట మీద మావయ్య గీసిన లండన్ సరిహద్దు పటం ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "వాళ్ళ దేశాన్ని వాళ్ళు లేని గదిలో కోసేశార్రా. మనదీ అంతే" అన్నారు. ఆ తర్వాత ఆయన కాఫీ ఎన్నడూ చల్లారలేదు. రెండేళ్ళకు పోయారు.

పఠన మందిరం కమిటీవారికి ఇది నా నాలుగో ఉత్తరం. బీరువా తాళం ఎవరు తీశారో, ఎవరి అనుమతితో తీశారో, ఒక మనిషి తొమ్మిదేళ్ళ పనికి మీరు పెట్టిన పేరేమిటో, ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లోగా సంతకంతో, లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆ సంతకం చేయవలసినవారిలో ఎందరు మిగిలారో నాకు తెలియదు. మావయ్య పోయిన వయసు నేనూ దాటాను. మీ జవాబు కోసం నోటుబుక్కులో వదిలిన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని పచ్చబారుస్తున్నది కాలమొక్కటే.