కాలం తప్పిన ద్రాక్షగుత్తి

తాతయ్య కోల్డ్ స్టోరేజిలో పనిచేసేవాడు. మండుటెండలో జనమంతా నీడ వెతుక్కుంటుంటే ఆయన ఉన్నికోటు తొడుక్కుని, టోపీ చెవులదాకా లాక్కుని, వీధిలో దర్జాగా నడిచిపోయేవాడు. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు పిచ్చాడేమోనని పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. పాతవాళ్ళు మాత్రం 'కోటాయన' అని పిలిచి కుశలం అడిగేవారు.

ఆయన పని చెప్పడానికి చిన్నదే. తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీలు తప్పించుకుని లోపలికెళ్ళాలి. చలి ఎంతుందో మీటరు చూడాలి. గొట్టాలమీద పేరుకున్న మంచు గీకాలి. పెట్టెలు విప్పి కుళ్ళిన కాయ కనిపిస్తే ఏరి పారెయ్యాలి. ఒక్క కాయ కుళ్ళితే పెట్టె మొత్తాన్నీ తనతో తీసుకుపోతుంది, చెడ్డ స్నేహంలాగ. చుట్టూ అన్ని పండ్లున్నా తాతయ్య ఏనాడూ ఒక్కటి నోట్లో వేసుకోలేదు. ఎంత నిజాయితీపరుడో అనేవారు అంతా. అందులో నిజాయితీ సగమే, మిగతా సగం ఏవగింపు.

"కాలం దాటాక అది పండు కాదు, శవం. నాది శవాల కాపలా," అనేవాడు.

ఎందుకంటే ఆయన నాలుకకి ఋతువుల పట్టింపు ఎక్కువ. ఎండాకాలం వస్తే నిమ్మకాయలు పిండి, పంచదార పాకంలో కలిపి, నాలుగు పుదీనా ఆకులు నలిపి వేసి సీసాలకెత్తేవాడు. అది రెండు చెంచాలు చల్లటి నీళ్ళలో కలిపి తాగితే ప్రాణం లేచొచ్చేది. వాన మొదలైతే మొక్కజొన్న పొత్తు. అదీ పొయ్యి దగ్గరే నిలబడి తినాలి, చేతిలో పట్టుకుని గదిలోకి నడిస్తే దాని రుచి సగం దారిలోనే పడిపోతుందట. చలికాలం నారింజ తొక్కలు. లోపలి తెల్లటి పొర గీకేసి, రెండుసార్లు ఉడికించి చేదు నీళ్ళు పారబోసి, పాకంలో మగ్గబెట్టి ఆరబెట్టేవాడు. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతిలో ఒక తొక్క పెట్టి, వాడు నమిలి మింగేదాకా కళ్ళార్పకుండా చూసేవాడు. బాగుందనకపోతే ఇంకోటి పెట్టేవాడు.

ద్రాక్ష కాలంలో మేడమీద తెల్లబట్ట పరిచి ఎండుద్రాక్ష చేసేవాడు. చేతిలో కర్ర పట్టుకుని పిచ్చుకలతో యుద్ధం. చాలాసార్లు పిచ్చుకలే గెలిచేవి.

నిజానికి ఈ కథ జరిగేనాటికి ఆయనింకా తాత కాలేదు. ఆ పనిమీదే ఉంది ఇల్లు. కోడలు కడుపుతో ఉంది. కొడుకేమో లారీ తోలుకుంటూ దూరం పోయాడు. ఆ పిల్లకి పచ్చి మంచినీళ్ళు కూడా లోపల నిలవడంలేదు. తిన్నది తిన్నట్టే కుళాయి దగ్గరికి పరుగు. మొహం పీక్కుపోయింది, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. చూడ్డానికొచ్చిన నర్సమ్మ బరువు చూసి పెదవి విరిచింది.

"ఏదో ఒకటి లోపల నిలవాలమ్మా. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చేస్తాం, నీకూ మంచిది కాదు, లోపలున్నదానికీ మంచిది కాదు."

ఆ సాయంత్రం నానమ్మ కోడలి తల నిమురుతూ అడిగింది. "ఏం తినాలనుందో చెప్పవే. రాళ్ళు తింటానన్నా వేయించి పెడతా."

కోడలు గోడవైపు తిరిగి గొణిగింది. "ద్రాక్షపళ్ళు."

ద్రాక్షల కాలం పోయి చాన్నాళ్ళయింది. బయట వానలు. బజారంతా గాలించినా ఒక్క గుత్తి దొరకదు. ఉన్నవల్లా కోల్డ్ స్టోరేజిలో, ఒక వ్యాపారి దాచుకున్న పెట్టెల్లో. నానమ్మ మొగుడి వంక చూసింది. తాతయ్య పైకప్పు వంక చూశాడు.

"నా దగ్గర ద్రాక్షే ఉందమ్మాయ్!" అని డబ్బా మూత తీశాడు.

కోడలు ఒక ఎండుద్రాక్ష వాసన చూసింది. "మామయ్యా, ఇవి ద్రాక్షల అస్థికలు," అని డబ్బా తోసేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఊరుకుంటాడా? మర్నాడు పొద్దున నానమ్మ వంటింట్లోకొచ్చి చూస్తే ముసలాయన కళ్ళజోడు ముక్కుమీదికి దించి, సూది దారం పట్టుకుని కూర్చున్నాడు. ఎండుద్రాక్షల్ని నానబెట్టి ఉబ్బించాడు. వాటిని ఒక్కొక్కటే ఎండిన ద్రాక్షకాడకి కుడుతున్నాడు!

"ఏవండోయ్, ఏమిటది?"

"గుత్తి."

"ఓరి దేవుడా! శవానికి అలంకారం చేస్తున్నారు మీరు. ఆ పిల్ల కడుపుతో ఉంది గానీ కళ్ళు పోలేదు."

తాతయ్య సూది ఆపలేదు. అది వేలికి గుచ్చుకుంది. అప్పుడు నానమ్మ గొంతు తగ్గించింది. "రాత్రి గంజినీళ్ళు కూడా నిలవలేదు. రేపటికి ఆస్పత్రి మంచమే. మీ మాట పెద్దదా, ఆ పిల్ల పెద్దదా?"

ఆయన దారం కొరికి సూది గోడకి గుచ్చాడు. కోటు తొడుక్కున్నాడు.

కోల్డ్ స్టోరేజి వాకిట్లో వ్యాపారి లెక్కల బల్ల దగ్గర ఉన్నాడు. చుట్టూ పెట్టెలు మోసేవాళ్ళు. తాతయ్య బల్లకి దగ్గరగా వెళ్ళాడు. తర్వాత అడిగేశాడు. "ఒక్క గుత్తి ద్రాక్ష కావాలి. డబ్బిచ్చే తీసుకుంటా."

మోతవాళ్ళలో పొట్టివాడు అందుకున్నాడు. "ఏంటి బాబాయ్, శవాన్ని ఇంటికి తీసుకెళ్తావా?"

"మోయడానికి నలుగురం రావాలా?" ఇంకొకడు.

తాతయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంకోరోజైతే తిట్టేవాడే. ఇప్పుడు మాత్రం, "కోడలు కడుపుతో ఉందిరా, ఏమీ తినడంలేదు," అన్నాడు. పొట్టివాడే ముందుకెళ్ళి ప్లాస్టిక్ పట్టీలు పక్కకి పట్టుకుని దారిచ్చాడు. వ్యాపారి డబ్బు తీసుకోలేదు. "నీకు నచ్చిన పెట్టెలోంచి తీసుకో," అన్నాడు.

ఏ పెట్టో తాతయ్య వెతుక్కోనక్కర్లేదు. పంకా గాలి నేరుగా తగిలితే కాడలు ఎండిపోతాయని ఆయనే మూలకి జరిపిన పెట్టె ఒకటుంది. అందులో మెత్తబడినవి ఆయనే ఏరాడు. గుత్తిని పైకెత్తి పట్టుకుంటే కాడ ఇంకా పచ్చగా ఉంది.

ఇంటికొచ్చి పళ్ళెంలో పెట్టి కోడలి ముందుంచాడు. ఆ పిల్ల ఆ గుత్తినీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"ముందు మీరు తినండి మామయ్యా. మీరు ముట్టనిది నాకెలా పెడతారు?"

మింగలేక కక్కలేక అంటారే, అలా నిలబడ్డాడు. నానమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయన ఒక పండు తెంపి, మందు మింగేవాడిలా కళ్ళు మూసుకుని కొరికాడు. తొక్క చిట్లింది. చల్లగా, తియ్యగా రసం. కళ్ళు తెరిచాడు. అనుమానమొచ్చి ఇంకోటి తిన్నాడు.

ఇన్నేళ్ళూ చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే ఏరి, జరిపి, కాపాడింది తనే. తన చేతిపనిని తనే శవమని తిట్టుకుంటూ తిరిగాడు. దీన్ని ఇలా నిలబెట్టడం మామూలు సంగతి కాదు కదా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు, సిగ్గేసింది. "ఫరవాలేదు, తినొచ్చు," అన్నాడు.

"ఫరవాలేదంటూనే మూడోది తింటున్నారు," అని కోడలు పళ్ళెం లాక్కుంది.

ఒకటి తింది. ఇంకోటి తింది. సగం గుత్తి అయ్యాక గోడకి జారబడి కూర్చుంది. ఇద్దరు ముసలాళ్ళూ ఆ పిల్ల వంక చూడనట్టు నటిస్తూ చెవులు రిక్కించుకున్నారు. నానమ్మ తుడిచిన గిన్నే మళ్ళీ తుడిచింది. తాతయ్య కిటికీలోంచి వానని చూస్తూ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపటికీ ఎవరూ కుళాయి దగ్గరికి పరిగెత్తలేదు.

వెనకనుంచి చిన్నగా గొంతు వినిపించింది. "అత్తయ్యా, కాస్త రొట్టె ఉందా?"

నానమ్మ గిన్నె వదిలేసి పొయ్యి వెలిగించింది. తొందరలో అగ్గిపుల్లలు రెండు విరిగాయి. మూడోది తాతయ్య గీశాడు.