పెగ్గులు కొట్టేముందు ఉత్తరం చూసుకో

ఎనభైల నడిమిలో, ఓ సెప్టెంబరు రెండో వారంలో, ఆస్ట్రేలియాలోని విక్టోరియా దక్షిణ తీరాన ఉన్న ఒక కొండ అంచు తోటకి నన్ను పిలిపించారు. మధ్యధరా తీరపు తోటలు చూసి ముచ్చటపడిన ఒక దొరసాని ఆ పద్ధతిలోనే వేయించిన పాతకాలపు తోట అది. అక్కడ మూడు ముసలి నిమ్మచెట్లు చావుబతుకుల్లో ఉన్నాయి. వాటిని ఎక్కడికి మార్చాలో హెడ్ గార్డెనర్‌కే దిక్కు తోచలేదు. కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగిన నేను వెళ్లి చోటు చూపించాను. చెట్లు బతికాయి.

ముప్పై ఏళ్ల పైచిలుకు కౌన్సిల్ పార్కుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరింట్లో బార్బెక్యూ జరిగినా నేను ముందు చెప్పే కథ ఇదే. కాగితం మీద పెట్టబోతే చెయ్యి కొంచెం వెనకాడుతోంది కాబట్టి సవరిస్తున్నాను. నన్నెవరూ పిలిపించలేదు. అప్పుడు నేను హార్టికల్చర్ రెండో ఏడు చదువుతున్నాను. కాలేజీ వాళ్లు ఇద్దరిద్దర్ని జతచేసి వారం రోజుల ప్రాక్టికల్‌కి తలో తోటకీ తోలారు, అంతే. చెట్లు కూడా దిట్టంగానే ఉన్నాయి. వాటి కిందున్న కొండ అంచే ఏటా కాస్త కాస్త విరిగి సముద్రంలో పడుతోంది.

నాకు జతపడినవాడు డేవిడ్ రాజు. తెనాలి వాడు. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో నన్ను ఏడిపించడానికి పుట్టాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, కడియం అనేవాడు.

ప్రాక్టికల్ చివర హెడ్ గార్డెనర్ ఫారం మీద సంతకం పెడితేనే మూడో ఏడులోకి పంపుతారు. ఎవరి పని వాళ్లది, ఎవరి సంతకం వాళ్లది. నేను అప్పటికే సాయిల్ సైన్స్ ఒకసారి తప్పాను. మరొక్కటి తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, దాని వెనకే వీసా పోతుంది. కడియంలో మా నాన్న నర్సరీ బోర్డు మీద నా పేరు పక్కన ‘ఆస్ట్రేలియా’ అని అప్పటికే రాయించేశారు.

తోటలో అందరికీ పైన హెడ్ గార్డెనర్ కాలిన్. ఆయన కింద లీడింగ్ హ్యాండ్, అంటే మేస్త్రీ లాంటివాడు. ఆ కింద ఇద్దరు గార్డెనర్లు. వాళ్ల కింద మేం. కాలిన్‌ని నేను సార్ అన్నాను. తనని అలా పిలిచేది పోలీసులేనని, అదీ జరిమానా వేసేముందేనని ఆయన అన్నాడు. ఆ తర్వాత ఏమని పిలవాలో తెలియక వారమంతా ఎదురుగా వెళ్లి నిలబడి దగ్గేవాణ్ణి.

డేవిడ్‌కి మట్టి పరీక్షలు పడ్డాయి, నాకు ప్లాను. అంటే తోట మధ్య అంతస్తుని కొలిచి, కాగితం మీద గీసి, ఏ మూల ఏ దిక్కో బాణం గుర్తు వేసి, నిమ్మచెట్లకి చోటు ఎంచి అక్కడ పెగ్గులు కొట్టాలి. పెగ్గు అంటే గుర్తుకోసం నేలలో దిగ్గొట్టే కర్రమేకు. ‘ఈ వారమంతా పెగ్గులు కొట్టడమే నా పని’ అని ఇంటికి రాస్తే, వెంటనే మందు మానెయ్యమని మా నాన్న జవాబు రాశారు.

ఆ మధ్య అంతస్తు చూస్తే నాకు తల తిరిగింది. నేల మట్టానికి దిగువన దీర్ఘచతురస్రంగా తవ్వి, నడుమ గుండ్రటి నీళ్ల తొట్టి పెట్టారు. అటొక గోడ, ఇటొక గోడ. అటు నాలుగు కమానులు, ఇటు నాలుగు కమానులు. ఆ చివర మెట్లు, ఈ చివర మెట్లు. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది. ఎటునుంచి దిగామో గుర్తుపెట్టుకోకపోతే ఎటు ఎక్కాలో తెలియదు. పైగా అది వసంతమట. వసంతమంటే నాకు ఉగాది. ఇక్కడ దసరా కూడా రాకముందే రోజ్‌మేరీ నీలంగా పూసేసింది, బాదంచెట్లు పూత రాల్చేస్తున్నాయి. నేనేమో రెండు స్వెట్టర్లు వేసుకుని వణుకుతున్నాను.

నిమ్మకి ఎండ తగిలే గోడ కావాలి. మన దేశంలో అయితే సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి దక్షిణానికి ముఖం పెట్టిన గోడకి ఎండ. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరం పక్కనుంచి పోతాడు, కాబట్టి ఉత్తరానికి ముఖం పెట్టిన గోడకి. క్లాసులో ఇది చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. బుర్రకెక్కింది గానీ ఒంటికి పట్టలేదు. వారమంతా మబ్బే. మంగళవారం మధ్యాహ్నం పైన బంగళా ముందు గీసుకుంటూ ఉండగా సూర్యుడు పది నిమిషాలు కనబడ్డాడు. కంపాస్ ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చారు, అది డేవిడ్ దగ్గరుంది. మధ్యాహ్నం సూర్యుడున్న వైపు దక్షిణం అని పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి, దానికి ఎదురుగా ఉత్తరం బాణం వేసేశాను. తలకిందులైందని తెలియదు.

గురువారం పొద్దున్న పెగ్గులు కొట్టాలి, మధ్యాహ్నం కాలిన్ చూసి సంతకం పెడతాడు, శుక్రవారం తవ్వే యంత్రం వస్తుంది. ఆ పొద్దున్న లేచేసరికి సముద్రం మీదనుంచి పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడితే గొప్ప. డేవిడ్ అప్పటికే కింది మళ్లలో గోతులు తీయడానికి వెళ్లిపోయాడు. పనిముట్ల షెడ్డులో నా ప్లాను మీద పెన్సిలుతో ఒక మూల తెలుగులో రాసిపెట్టాడు: ‘పెగ్గులు కొట్టేముందు ఉత్తరం చూసుకో.’

నేను ఉత్తరం కోసం వెతికాను. జేబులో లేదు, బల్ల మీద లేదు. తలెత్తితే గోడమీదే ఉంది. అద్దం కట్టి వేలాడదీసిన పాత ఉత్తరం. ఆ దొరసాని ఇటలీలో ఉండగా తన తోటమాలికి రాసింది. ఇక్కడ నిమ్మచెట్లన్నీ దక్షిణానికి చూసే గోడకే ఉన్నాయి, మన తోటలోనూ అలాగే పెట్టు అని ఉంది. నాకు అయోమయంగా అనిపించింది. క్లాసులో ఉత్తరం అన్నారు, ఉత్తరంలో దక్షిణం అంది. కానీ చూసుకోమన్నది డేవిడ్. క్లాసులో ఎప్పుడూ నాకన్నా ముందుండేవాడు. ఏదో పాత ఆధారం కనిపెట్టి ఉంటాడు, కాలిన్ మెచ్చుకునేది ఇదే అయి ఉంటుంది అనుకున్నాను.

ప్లానుని క్లిప్‌బోర్డుకి తగిలించుకుని మంచులో తడుముకుంటూ మెట్లు దిగి, ప్లానులో దక్షిణానికి చూసే గోడ ఏదో దాని ముందు మూడు పెగ్గులు కొట్టాను. వాటికి ఎర్ర రిబ్బన్లు కట్టి, క్లిప్‌బోర్డు తొట్టి గట్టు మీద వదిలేసి స్మోకోకి వెళ్లాను. స్మోకో అంటే పది గంటల టీ. పొగతో ఇప్పుడు దానికి సంబంధం లేదు, బిస్కెట్లతో ఉంది.

తిరిగొచ్చేసరికి మంచు విడింది. అన్నాళ్లూ సరిగా కనబడని ఎండ తోటంతా పరుచుకుంది. ఒక గోడ పూర్తిగా నీడలో ఉంది, ఒక గోడ వెలిగిపోతోంది. నా మూడు పెగ్గులూ వెలిగే గోడ ముందే నిలబడి ఉన్నాయి. నేను కొట్టినదానికన్నా నిటారుగా కూడా కనిపించాయి. ఎంతైనా కడియం చెయ్యి అనుకున్నాను.

మధ్యాహ్నం కాలిన్ వచ్చాడు. పెగ్గులు చూసి తలాడించాడు. ప్లాను చూసి తలాడించడం ఆపేశాడు. దాని ప్రకారం అంటార్కిటికా ఉత్తరాన ఉందే అన్నాడు. ఈ గోడ ఎందుకు ఎంచుకున్నావని అడిగాడు. ఉత్తరంలో ఉందన్నాను. ఏ ఉత్తరం అన్నాడు. షెడ్డులోది అని చూపించాను. ఆయన తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. దాన్ని నవ్వుకోవడానికి వేలాడదీశామని, ఆ ఉత్తరం నమ్మి నీడలో నాటిన మొదటి వరస చెట్లు చలికి చచ్చాయని, తర్వాతి తోటమాలి అందుకే వీటిని కొండ అంచున ఎండలో పెట్టాడని చెప్పాడు.

ఫారం ఆయన మోకాలి మీదుంది. పెన్ను తీశాడు, మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. రేపు తవ్వేది ప్లానులో కాదు, పెగ్గుల దగ్గర అని సంతకం పెట్టాడు. పక్కన ‘ఇతనికి కంపాస్ కొనిపెట్టండి’ అని రాశాడు.

సాయంత్రం డేవిడ్‌ని నిలదీశాను. “ఉత్తరమంటే దిక్కురా దరిద్రుడా, నీ బాణం తలకిందులుగా ఉంది, కాలిన్‌కి తెలియకూడదని తెలుగులో రాశాను” అన్నాడు. అప్పుడు నాకు లెక్క తేలింది. నా బాణం తప్పు, దొరసాని ఉత్తరం తప్పు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పెగ్గులు సరైన చోట పడ్డాయి. క్లాసులో చెప్పినట్టే చేసి ఉంటే ఆ తప్పు బాణంతో నీడగోడ ముందు కొట్టి, ఇంటికి పోయేవాణ్ణి. వాడు విని, సరేలే అన్నాడు.

దాన్నుంచి నేర్చుకున్నవి రెండు. ప్లాను మీద బాణం కంపాస్ చూసి వేయాలి, సూర్యుణ్ణి చూసి కాదు, పుట్టిన ఊరిని తలుచుకుని అసలే కాదు. సర్వీసులో నా కింద చేరిన ప్రతి ఒక్కరిచేతా ముందు ఈ పనే చేయించాను. రెండోది, పనిచోట రాసే చీటీలో రెండర్థాల మాట ఉండకూడదు. ఉత్తర దిక్కు అని రాస్తే ఇంకో రెండక్షరాలు పడతాయి, అంతే.

డేవిడ్ రాజు ఇప్పుడు విక్టోరియాలోనే, క్రెయిగీబర్న్ అనే చోట ఉంటున్నాడు. ఇంతవరకూ రాసి వాడికి పంపాను. ఫోన్ చేశాడు.

“చదివాన్రా కడియం. నేను స్మోకోకి కంపాస్ పట్టుకుని నీకోసం పైకొచ్చా. నువ్వు బిస్కెట్ల దగ్గరున్నావ్. పెగ్గులు నీడగోడ ముందున్నాయి, ప్లాను క్లిప్‌బోర్డుకి తలకిందులుగా తగిలించి ఉంది. నువ్వు చేసింది రెండు తప్పులు కాదు, మూడు. ఆ మూడో తప్పుని నేనే పీకి ఎండగోడ ముందు పాతాను.”