నేను ‘రైట్’ అన్న వాక్యాలు

నా బిడ్డ చనిపోయి నేటికి నలభై రోజులు. తలలో గడ్డ ఉందన్నారు పట్నం దవాఖానలో. ముందే తీసుకొస్తే చూసేవాళ్లమన్నారు. తొమ్మిది రోజులు మంచంలో ఉంది, పదో రోజు పోయింది. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే మన్నించండి.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. బిడ్డ డిగ్రీ అయ్యాక ఆదిభట్లలో కంపెనీ కొలువుకు పోతే, ఇంగ్లీషు మాట్లాడలేదని వెనక్కి పంపారు. ఏడ్వలేదు. మర్నాటి నుంచి ఇంగ్లీషు క్లాసుకు పోయి, నోట్‌బుక్‌లో రోజుకు ఐదు మాటలు, ఒక్కోదానికి ఒక వాక్యం రాసుకునేది. సాయంత్రం నేను పిండి పిసుకుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

“అమ్మా, నువ్వే ఇంటర్వ్యూ సారువి. జర మొఖం గట్టిగ పెట్టు.”

“నాకేం సమజైతదే? నన్ను తిట్టినా తెల్వది.”

“తిట్టేదుంటే తెలుగులనే తిడత తియ్యి!”

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఆగకుండా చెబితే ‘రైట్’. తడబడితే ‘మల్ల చెప్పు’. “భయపడితే మాట గొంతులనే సస్తదమ్మా” అనేది. పొగను స్మోక్ అంటారని ఆమె వల్లే తెలిసింది. ‘మా అమ్మ కండ్లల్లకు పొగ పోతున్నది’ అని ఇంగ్లీషులో చెప్పి, అర్థం కూడా చెప్పి, కొంగుతో నా కళ్లు తుడిచేది. తర్వాత తర్వాత అర్థం చెప్పడం మానేసింది. గిరాకీ తొందరలో నేనూ అడగలేదు. చెబుతూ చెబుతూ పెన్నుతో నుదురు రుద్దుకునేది. అది ఆమె అలవాటనుకున్నాను.

దినాలైన మర్నాడు, ఆమెతో కలిసి ఆ క్లాసుకు పోయిన పక్కింటి పిల్ల వచ్చింది. బిడ్డ నోట్‌బుక్ ఇచ్చి చదవమన్నాను.

“‘హెవీ’ అంటే బరువు, చిన్నమ్మా. ‘పొద్దున లేస్తే నా తల బరువుగా ఉంటుంది’ అని రాసింది. ‘బ్లర్’ అంటే మసక. ‘బస్సు బోర్డు మసకగా కనిపిస్తోంది.’ ‘హైడ్’ అంటే...”

“చెప్పు బిడ్డా.”

“దాచిపెట్టుడు. ‘నా నొప్పిని అమ్మ దగ్గర దాస్తున్నాను.’”

“గిట్లెందుకు రాసిందే?”

“క్లాసుల సారు చెప్పిండు చిన్నమ్మా. మనింట్ల నిజంగ అయ్యిందే రాయాలె, గప్పుడే యాదికుంటదని.”

ఆ చివరి వాక్యాన్ని ఇంగ్లీషులో మళ్లీ చదివించుకున్నాను. నా చెవులు గుర్తుపట్టాయి. ఆ వాక్యం అప్పజెప్పిన రోజు బిడ్డ ఆగి ఆగి చెప్పింది. ‘మల్ల చెప్పు’ అన్నాను. మళ్లీ తడబడుతూనే చెప్పింది. “గింత భయమైతే నీకు కొలువు ఎవలిస్తరే?” అని గదమాయించాను. మూడోసారి ఆగకుండా, నా ముఖం చూస్తూ చెప్పింది. ‘రైట్’ అన్నాను.

అందరూ అంటున్నారు, తల్లికి ఒక్క మాటన్నా చెప్పలేదని. చెప్పింది. మూడుసార్లు చెప్పింది. ఆమె మీద ఆ నింద వేయకండి.

నిన్న బస్టాండులో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ ఒక అమ్మాయి ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతూ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. పని వదిలేసి దగ్గరికి పోయాను.

“ఏమైంది బిడ్డా? తల నొస్తున్నదా?”

“ఏం లేదాంటీ, ఎండ” అని నవ్వి బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీనే చూస్తూ నిలబడ్డాను. చేతికంటిన పిండి ఎండి పెచ్చులు కట్టింది.