చింటు అన్న చివరి మాట

వందన తండ్రి దినాలకని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి షేక్‌పేటకు వచ్చి రెండేళ్లయింది. మూడేళ్ల కొడుకు చింటును భర్త నవీన్ దగ్గరే వదిలి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నవీన్ ఆ తర్వాత టికెట్టూ పంపలేదు, వీసాకు కావలసిన కాగితాలూ పంపలేదు. ‘నువ్వక్కడే ఉండు’ అన్నాడు. కేసు వేస్తే కోర్టులో తేలేసరికి ఏళ్లు పడుతుందన్నాడు లాయరు. ఆదివారాలు మాత్రం నవీన్ పిల్లవాడికి ఫోనిచ్చేవాడు.

పిల్లవాడు మాట్లాడేది తెలుగు కాదు. బడిలో అక్కడి డచ్చి భాష, ఇంట్లో చూసుకునే ఆవిడతో డచ్చి. తెలుగు మరిచేపోయాడు. కన్నకొడుకు మాట తనకే తెలియకపోతే ఎట్ల? ఫిల్మ్ నగర్‌లో సినిమా దుస్తులు కుట్టే షాపులో పని ముగియగానే వందన జూబ్లీ హిల్స్‌కు పోయేది. అక్కడ శకుంతలమ్మగారు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు డచ్చి చెబుతారు.

“మామూలు వాక్యంలో క్రియ రెండోచోటే వస్తుందమ్మా. మధ్యలో ‘దాత్’, అంటే మన ‘అని’, వచ్చిందా, ఆ తర్వాతి ముక్కలో క్రియ చివరికి పోతుంది. మనం ‘నువ్వు రేపు వస్తావని’ అంటాం చూడు, అలా.”

“గట్లయితే మన లెక్కనే గదమ్మా!” వందన చాన్నాళ్లకు నవ్వింది.

ఆ ఆదివారం ఫోన్లో ఏడుపు ఆపుకోలేకపోయింది. చింటు “ఇక్ విల్ దాత్ యె నీత్ మేర్...” అన్నాడు. వెనక నవీన్ కసిరాడు. ఫోన్ కట్టయింది.

నువ్వు ఇకమీదట ఏదో చేయొద్దంటున్నాడు. ఏది? మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. శకుంతలమ్మ ఇంటికి పరుగెత్తింది.

“ఏమన్నడమ్మా వాడు? మీకు ఎరికైతది గదా!”

“క్రియ వినందే ఎలా చెప్పను తల్లీ? ఏదైనా కావచ్చు.”

ఫోన్ చేయొద్దన్నాడా? రావద్దన్నాడా? నెలరోజులు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మిషను ముందు కూర్చుంటే వచ్చిన క్రియలన్నీ ఒక్కొక్కటే ఆ వాక్యం చివర పెట్టుకుని చూసేది. ప్రతిదీ గుండెలో దిగేది.

ఒక సాయంత్రం ఫోన్ చింటే ఎత్తాడు. ఆ గొంతు వినగానే వందన వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇక్ విల్ దాత్ యె నీత్ మేర్ హౌల్ట్!” అన్నాడు వాడు గట్టిగా.

నువ్వింక ఏడవొద్దు. అంతే వాడన్నది. వందన కళ్లు తుడుచుకుని, ఏం తిన్నావని డచ్చిలో అడిగింది. రొట్టె, చీజ్ అని చెప్పి, ఇంకేదో మొదలుపెట్టేలోగా ఎవరో ఫోన్ లాక్కున్నారు.

పై ఆదివారం ఆ నంబరు వాడుకలో లేదని వినబడింది. తెల్లారి తల్లి కొమురమ్మను తోడు తీసుకుని లాయరు దగ్గరికి పోయి, పిల్లవాడి కోసం కేసు వేసింది. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.